కొన్న పాటలు తాళంలో ఇరుక్కుంటే: పాత ఎం4పి, డబ్ల్యూఎంఏ ఫైళ్లను బయటికి తెచ్చుకునే పూర్తి పద్ధతి

డబ్బు పెట్టి కొన్న పాటలు పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. కొత్తదాంట్లోకి కాపీ చేస్తే మోగవు. పెన్‌డ్రైవ్‌లో వేసి కారులో పెడితే అసలు కనిపించవు. నెట్‌లో దొరికిన డీఆర్‌ఎం రిమూవర్ (కాపీ కాకుండా పాటకు వేసిన డిజిటల్ తాళాన్ని తీసే సాఫ్ట్‌వేర్) ఒకటి దించి నడిపితే సగంలో ఆగిపోతుంది, లేదా ప్రతి పాట పక్కనా 'ఫెయిల్డ్' అని చూపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎలా బాగుచేయాలని చాలామంది అడుగుతున్నారు. నిజానికి లోపం దాంట్లో ఉండేది తక్కువ. ఖాతాలోనో, కంప్యూటర్‌కు ఉండాల్సిన అనుమతిలోనో ఉంటుంది. అది సరిచేస్తే ఆ సాఫ్ట్‌వేర్ అవసరం కూడా తీరిపోతుంది.

హైదరాబాద్‌లో ఈ ఫైళ్లు ఎక్కువగా అమెరికాలో చదువుకునో, ఉద్యోగం చేసో తిరిగొచ్చినవాళ్ల దగ్గర ఉంటాయి. యాపిల్ కంపెనీ పాటలు అమ్మే ఐట్యూన్స్ స్టోర్ మన దేశానికి 2012 డిసెంబర్‌లో వచ్చింది. పాటలకు తాళం వేయడం ఆ స్టోర్ 2009లోనే మానేసింది. కాబట్టి ఇక్కడి ఖాతాతో కొన్న పాటకు తాళం ఉండదు. 2003 నుంచి 2009 దాకా అమెరికా లాంటి దేశాల ఖాతాతో కొన్నవాటికే ఈ ఇబ్బంది.

మిగతాదంతా చదివే ముందు ఒక్క పని చేయండి. పాత ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే దాన్ని ఫార్మాట్ చేయొద్దు, అమ్మొద్దు, అందులో ఐట్యూన్స్ నుంచి సైనవుట్ కావొద్దు.

## 1. మీ ఫైల్ ఏ రకమో ముందు తేల్చుకోండి

ఐట్యూన్స్‌లో పాటల జాబితా పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి 'కైండ్' అనే కాలమ్‌ను తెరవండి. అక్కడ కనిపించే మాటను బట్టే తర్వాతి దారి ఉంటుంది.

- ప్రొటెక్టెడ్ ఏఏసీ: ఫైల్ పేరు చివర ఎం4పి ఉంటుంది. బిట్‌రేట్ 128. తాళం ఉన్నది ఇదే. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దీని గురించే.
- పర్చేజ్డ్ ఏఏసీ: చివర ఎం4ఎ, బిట్‌రేట్ 256. తాళం లేదు. కొత్త కంప్యూటర్‌లో మోగకపోతే కాపీ సరిగ్గా కాలేదని అర్థం.
- మ్యాచ్డ్ ఏఏసీ: 5వ భాగంలో చెప్పే ఐట్యూన్స్ మ్యాచ్ సేవ నుంచి దిగినది. ఇదీ తాళం లేని ఫైలే.
- యాపిల్ మ్యూజిక్ ఏఏసీ: నెలనెలా చందా కట్టి దించుకున్నది. దీని చివరా ఎం4పి ఉంటుంది కాబట్టి చాలామంది పొరపడతారు. ఇది మీరు కొన్న పాట కాదు. చందా ఆపితే ఆగిపోతుంది. కింద చెప్పే దారులు దీనికి వర్తించవు.

జియోసావన్, స్పాటిఫై లాంటి యాప్‌లలో 'డౌన్‌లోడ్' చేసుకున్నవీ ఈ చివరి కోవలోవే. వాటిని అద్దెకు విన్నట్టే లెక్క. ఎప్పటికీ మీ దగ్గర ఉండాలనుకున్న పాటను విడిగా కొనుక్కోవడమే సరైన పని.

విండోస్‌లో డబ్ల్యూఎంఏ (మైక్రోసాఫ్ట్ రకం పాట) ఫైల్ అయితే రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, ఆపై డీటెయిల్స్ చూడండి. 'ప్రొటెక్టెడ్: యెస్' అని ఉంటే నేరుగా 8వ భాగానికి వెళ్లండి. 2012, 2013లలో నడిచిన ఫ్లిప్‌కార్ట్ పాటల దుకాణం 'ఫ్లైట్'లో కొన్నవి మామూలు ఎంపీ3లే. వాటికి తాళమే లేదు.

## 2. రిమూవర్ సాఫ్ట్‌వేర్ ఎందుకు ఆగిపోతుంది

ఈ రకం సాఫ్ట్‌వేర్లు రెండు విధాలుగా పనిచేస్తాయి. ఒక రకం ఐట్యూన్స్ దాచుకున్న తాళంచెవిని వెతికి ఫైల్‌ను విప్పాలని చూస్తుంది. ఐట్యూన్స్ వెర్షన్ మారగానే ఇది పడిపోతుంది. రెండో రకం వెనకాల ఐట్యూన్స్ చేతనే పాటను మోగించి ఆ ధ్వనిని రికార్డు చేస్తుంది.

రెండింటికీ ఒక్కటే షరతు: ఆ పాట ముందు ఐట్యూన్స్‌లో మోగాలి. మోగని పాటను ఏ రిమూవరూ విప్పలేదు. 'ఫెయిల్డ్' అని వచ్చిన ఫైల్‌ను ఐట్యూన్స్‌లో డబుల్ క్లిక్ చేసి చూడండి. పాస్‌వర్డ్ అడిగిందంటే అసలు సమస్య దొరికినట్టే. దాని మందు 4వ భాగంలో ఉంది.

రికార్డు చేసే రకంతో ఇంకో నష్టం ఉంది. మధ్యలో వాట్సాప్ మోత వస్తే అదీ పాటలో కలిసిపోతుంది. పాట మొదట్లోనో చివర్లోనో అర సెకను తెగుతుంది. పైగా ఉచితంగా దొరికే 'క్రాక్' కాపీల్లో మాల్‌వేర్ ఉండే ప్రమాదం ఎక్కువ. మీ యాపిల్ పాస్‌వర్డ్ టైపు చేసిన యంత్రంలో అలాంటివి నడపొద్దు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో 65ఎ సెక్షన్ వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. సొంతానికి వాడుకోవడానికి 52వ సెక్షన్ కొంత చోటిస్తుంది. అయితే మన పనికి అంత దూరం పోనక్కర్లేదు. తాళం లేని ఫైల్‌ను స్టోరే మళ్లీ ఇచ్చే దారి ఒకటుంది. కొన్న పాటను ఆడియో సీడీగా రాసుకునే హక్కు లైసెన్సులోనే ఉంది. ఈ రెండూ చాలు.

## 3. మొదలుపెట్టే ముందు

ఈ భాగాన్ని దాటేసినవాళ్లే తర్వాత పాటలు పోగొట్టుకుంటారు. ఒక పూట పట్టినా సరే, అన్నీ చూసుకోండి.

బ్యాకప్. మ్యూజిక్ ఫోల్డర్‌లోని ఐట్యూన్స్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. పాటలు ఒక్కటే తీస్తే చాలదు. ప్లేలిస్టులు, రేటింగులు ఉండే లైబ్రరీ ఫైల్ కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది.

తేదీ, సమయం. ఏళ్ల తరబడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌లో గడియారం వెనక్కి పోయి ఉంటుంది. తేదీ తప్పుగా ఉంటే స్టోర్‌కు కనెక్ట్ కాదు, లైసెన్సు చెల్లదని వస్తుంది. సరిచేసినా స్విచాఫ్ చేయగానే మళ్లీ మారిపోతుంటే మదర్‌బోర్డు మీద గడియారం బ్యాటరీ అయిపోయిందన్నమాట. డెస్క్‌టాప్‌లలో అది సాధారణంగా సీఆర్2032. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వైరుతో ఉండే రకం ఉంటుంది, విప్పి చూశాకే కొనండి.

ఏ ఖాతాతో కొన్నారు? పాట మీద రైట్ క్లిక్ చేసి సాంగ్ ఇన్ఫో, ఆపై ఫైల్ ట్యాబ్ చూడండి. ఎవరి పేరు మీద, ఏ ఖాతాతో కొన్నారో అక్కడ ఉంటుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఖాతాలు కలిసి ఉండొచ్చు. ఒక కాగితం మీద ఖాతాలవారీగా రాసుకోండి.

ఆ ఖాతాలోకి ఇప్పుడు వెళ్లగలరా? తిరిగొచ్చినవాళ్లకు చిక్కు పడేది ఎక్కువగా ఇక్కడే. అమెరికా ఫోన్ నంబర్ వదిలేసి ఉంటారు, వెరిఫికేషన్ కోడ్ ఆ నంబర్‌కే పోతుంటుంది. ఇంట్లో ఏదైనా ఐఫోన్, ఐప్యాడ్ ఇంకా ఆ ఖాతాలోనే సైనిన్ అయి ఉంటే కోడ్ దాని మీద వస్తుంది. అందులోనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ +91 నంబర్‌ను ట్రస్టెడ్ నంబర్‌గా చేర్చండి. ఖాతా అమెరికాది అయినా నంబర్ ఇక్కడిది ఉండొచ్చు. అలాంటి పరికరం ఏదీ లేకపోతే అకౌంట్ రికవరీ పెట్టుకోవాలి. దానికి రోజులు పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి.

ఖాతా దేశం మార్చొద్దు. ఇక్కడి యూపీఐ, కార్డు పెట్టుకోవడానికి చాలామంది ముందుగా ఖాతాను భారత్‌కు మార్చేస్తారు. అలా మారిస్తే పాత దేశంలో కొన్నవి మళ్లీ దించుకునే వీలు పోవచ్చు. ముందు పాటలన్నీ చేతికి రావాలి, ఆ తర్వాతే దేశం మార్పు.

ఐట్యూన్స్‌నే వాడండి. ఈ పని చేసే విండోస్ యంత్రంలో యాపిల్ మ్యూజిక్ యాప్ వేయొద్దు. అది వేస్తే పాటలు దాంట్లోకి వెళ్లిపోయి ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్టులు, ఆడియోబుక్కులే మిగులుతాయి. మ్యాక్‌లో అయితే మ్యూజిక్ యాప్‌తోనే పని.

## 4. కంప్యూటర్‌కు అనుమతి: ఆథరైజేషన్

ఎం4పి ఫైల్ మోగాలంటే ఆ కంప్యూటర్ కొన్న ఖాతాతో ఆథరైజ్ అయి ఉండాలి. ఒక ఖాతాకు ఐదు కంప్యూటర్ల వరకే.

1. ఐట్యూన్స్‌లో అకౌంట్ మెనూ, ఆథరైజేషన్స్, ఆథరైజ్ దిస్ కంప్యూటర్ నొక్కండి.
2. ఆ పాట కొన్న ఖాతా వివరాలే ఇవ్వండి. ఒకే కంప్యూటర్‌ను రెండు మూడు ఖాతాలతోనూ ఆథరైజ్ చేయవచ్చు.
3. ఒక్కో ఖాతా నుంచి ఒక పాట మోగించి చూడండి.

ఐదు నిండిపోయాయని వస్తే: ఎప్పుడో అమ్మేసినవి, పాడైపోయినవి ఇంకా లెక్కలో ఉన్నాయన్నమాట. అకౌంట్ మెనూలో వ్యూ మై అకౌంట్ తెరిచి 'డీఆథరైజ్ ఆల్' నొక్కండి. ఏడాదికి ఒక్కసారే ఈ వీలు. నొక్కాక మీ దగ్గరున్న వాటిని మళ్లీ ఆథరైజ్ చేసుకోవాలి. ఒక హెచ్చరిక: మీ దగ్గర విండోస్ ఎక్స్‌పీ, విస్టా ఉన్న పాత యంత్రం ఇంకా పాటలు మోగిస్తుంటే దీన్ని నొక్కే ముందు ఆగండి. 2018 నుంచి ఆ రెండింటిలో స్టోర్‌కు సైనిన్ కావడం కుదరదు. అనుమతి పోతే అక్కడ మళ్లీ తెచ్చుకోలేరు. ముందు దాంట్లోనే 6వ భాగంలోని పని ముగించండి.

సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా మళ్లీ మళ్లీ అడుగుతుంటే: అనుమతి వివరాలుండే ఫోల్డర్ చెడిపోయింది. ఐట్యూన్స్ మూసేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో దాచిన ఫోల్డర్లు కనిపించేలా పెట్టి, సీ డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌డేటా, యాపిల్ కంప్యూటర్, ఐట్యూన్స్ వరకు వెళ్లండి. అక్కడ 'ఎస్‌సీ ఇన్ఫో' అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని చెరిపేయకుండా వేరేచోటికి జరపండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి మళ్లీ ఆథరైజ్ చేయండి. మ్యాక్‌లో అదే ఫోల్డర్ యూజర్స్ కింద షేర్డ్‌లో ఉంటుంది. నెట్‌కు కనెక్ట్ కాలేని పాత యంత్రంలో మాత్రం ఈ ఫోల్డర్ జోలికి పోవద్దు.

## 5. మొదటి దారి: స్టోర్ నుంచే తాళం లేని ఫైల్

ఇది కుదిరితే ఇదే మేలు. 128 బిట్‌రేట్ పాట 256గా మారి వస్తుంది. ధ్వని కూడా మెరుగవుతుంది.

ముందు ఖర్చు లేని ప్రయత్నం. ఒక్క పాటను ఎంచుకోండి, బ్యాకప్‌లో ఉందో లేదో చూసుకోండి. అకౌంట్ మెనూలో పర్చేజ్డ్ జాబితా తెరిచి ఆ పాటను మళ్లీ దించండి. కైండ్ చూడండి. 'పర్చేజ్డ్ ఏఏసీ' అని వస్తే మిగతావీ ఇలాగే ప్రయత్నించవచ్చు. మళ్లీ 'ప్రొటెక్టెడ్' అనే వచ్చినా, జాబితాలో పాటే కనిపించకపోయినా ఐట్యూన్స్ మ్యాచ్‌కు వెళ్లాలి. మీ పాటలకు స్టోర్‌లో జోడీ వెతికి తాళం లేని ఫైల్ ఇచ్చే యాపిల్ చందా సేవ ఇది.

అమెరికా ఖాతాకు మ్యాచ్ చందా ఏడాదికి 24.99 డాలర్లు. లక్ష పాటల దాకా చేర్చవచ్చు. మీ దగ్గరున్నవి పది పన్నెండు పాటలే అయితే దీనికి డబ్బు పెట్టకండి, సీడీ దారి చాలు. వందల్లో ఉంటే ఈ ఖర్చు న్యాయమైనదే.

1. ఐట్యూన్స్ స్టోర్ పేజీ అడుగున ఉన్న ఐట్యూన్స్ మ్యాచ్ లింకు నుంచి చందా తీసుకోండి.
2. మ్యాచ్ మీ లైబ్రరీని పోల్చి చూసే మూడు దశలు పూర్తయ్యేదాకా కంప్యూటర్‌ను నిద్రలోకి పోనివ్వొద్దు. పెద్ద లైబ్రరీ అయితే రాత్రంతా వదిలేయండి.
3. 'ఐక్లౌడ్ స్టేటస్' కాలమ్ తెరవండి.
4. కొత్త స్మార్ట్ ప్లేలిస్ట్ పెట్టండి. షరతులు: కైండ్‌లో 'ప్రొటెక్టెడ్' అని ఉండాలి, ఐక్లౌడ్ స్టేటస్ 'మ్యాచ్డ్' కావాలి.
5. అందులో ఐదు పాటలు మాత్రం ఎంచుకుని 'రిమూవ్ డౌన్‌లోడ్' నొక్కండి. 'డిలీట్ ఫ్రమ్ లైబ్రరీ' నొక్కితే పాట క్లౌడ్ నుంచి కూడా పోతుంది. రెండు మాటలూ మెనూలో దగ్గర దగ్గరగా ఉంటాయి, చూసి నొక్కండి.
6. మేఘం గుర్తు నొక్కి మళ్లీ దించండి. కైండ్ 'మ్యాచ్డ్ ఏఏసీ', బిట్‌రేట్ 256 అయితే మిగతావన్నీ చేయండి.

స్టేటస్ 'అప్‌లోడెడ్' అని ఉన్న పాటకు స్టోర్‌లో జోడీ దొరకలేదు. మళ్లీ దించినా మీ పాత తాళం ఫైలే వస్తుంది. అవి సీడీ దారికి. 'ఇనెలిజిబుల్' అని వస్తే ఆ కంప్యూటర్ సరైన ఖాతాతో ఆథరైజ్ కాలేదేమో చూడండి. ఫైల్ 200 ఎంబీ దాటినా ఇదే మాట వస్తుంది.

భార్యాభర్తల ఖాతాలు వేరుగా ఉంటే ఇంకో అడ్డంకి ఉంది. ఒక ఖాతాతో పాత కొనుగోళ్లు దించుకున్న యంత్రం 90 రోజులు ఆ ఖాతాకే ముడిపడిపోతుంది. రెండో ఖాతా పని వేరే కంప్యూటర్‌లో చేయండి.

దిగిన పాటను విని చూడండి. ఒకే బాణీకి తెలుగు, తమిళం, హిందీ వెర్షన్లు ఉండే మన సినిమా పాటలకు ఈ జాగ్రత్త తప్పదు. పేరు ఒకటే ఉన్నా రీమిక్స్, వాయిద్య వెర్షన్ వచ్చిందేమో కూడా చూడాలి. నిడివి పాతదానికీ కొత్తదానికీ రెండు మూడు సెకన్లకు మించి తేడా ఉంటే అనుమానించండి.

అన్నీ దిగాక చందా ఆపేయవచ్చు. దించుకున్న ఫైళ్లు మోగుతూనే ఉంటాయి. తనంతట తానే రెన్యూ అవుతుంది కాబట్టి ఆపడం మరిచిపోవద్దు.

## 6. రెండో దారి: ఆడియో సీడీగా రాయడం

కావాల్సినవి:

- సీడీ రాయగల డ్రైవ్. ల్యాప్‌టాప్‌లో లేకపోతే యూఎస్‌బీ డీవీడీ రైటర్. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీ కాంప్లెక్స్‌లో అడగండి. 'రైటర్' అని స్పష్టంగా చెప్పండి, చదవడం మాత్రమే వచ్చే డ్రైవ్ పనికిరాదు.
- రెండు సీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్కులు. చెరిపి మళ్లీ రాసుకోవచ్చు కాబట్టి వందల పాటలకూ ఇవే సరిపోతాయి. దొరక్కపోతే 80 నిమిషాల సీడీ-ఆర్ డిస్కులు. డీవీడీలు వద్దు.
- ఖాళీ జాగా. ఆడియో సీడీ నాణ్యతలో నిమిషానికి 10 ఎంబీకి పైగా పడుతుంది.

పని క్రమం:

1. కొత్త ప్లేలిస్ట్ పెట్టి 74 నిమిషాలు దాటకుండా పాటలు వేయండి. ఐదేసి నిమిషాల పాటలైతే 14 పడతాయి. 200 పాటలుంటే 15 విడతలు.
2. ప్లేలిస్ట్‌లో ప్రతి పాటా మొదటి రెండు సెకన్లు మోగించండి. పాస్‌వర్డ్ అడిగినదాన్ని తీసేయండి.
3. ఫైల్ మెనూలో బర్న్ ప్లేలిస్ట్ టు డిస్క్ ఎంచుకోండి. కొన్ని వెర్షన్లలో ఇది ప్లేలిస్ట్ మీద రైట్ క్లిక్ చేస్తే వస్తుంది.
4. ఫార్మాట్ 'ఆడియో సీడీ'. 'ఎంపీ3 సీడీ', 'డేటా సీడీ' ఎంచుకుంటే తాళం అలాగే ఉండిపోతుంది, లేదా రాయనే రాయదు.
5. వేగం 4ఎక్స్ లేదా 8ఎక్స్. 70 నిమిషాల డిస్క్‌కు 4ఎక్స్‌లో 18 నిమిషాలు, 8ఎక్స్‌లో 9 నిమిషాల దాకా పడుతుంది.
6. గ్యాప్ 'నన్'. సౌండ్ చెక్ తీసేయండి, లేదంటే శబ్దం స్థాయి మారిపోతుంది. 'ఇంక్లూడ్ సీడీ టెక్స్ట్' పెట్టండి.
7. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉండాలి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద ఉండాలి. రాస్తుండగా కరెంటు పోతే ఆ సీడీ-ఆర్ చెత్తబుట్టకే.

తాళం ఉన్న పాటలతో కూడిన ఒకే ప్లేలిస్ట్‌ను ఏడుసార్లకు మించి రాయనివ్వదు. ఒక్కో ప్లేలిస్ట్‌ను ఒక్కసారే రాస్తాం కాబట్టి మనకు అది అడ్డు కాదు.

### ఇక్కడ వచ్చే చిక్కులు

ఐట్యూన్స్‌కు డ్రైవ్ కనిపించడం లేదు. విండోస్‌కు కనిపిస్తోందా చూడండి. అక్కడా లేకపోతే అది కరెంటు సమస్య. యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టండి, రెండు పిన్నుల కేబుల్ వస్తే రెండూ గుచ్చండి. విండోస్‌కు కనిపించి ఐట్యూన్స్‌కు కనిపించకపోతే సీడీ రాసే డ్రైవర్ పోయింది. కంట్రోల్ ప్యానెల్‌లో ఐట్యూన్స్‌ను ఎంచుకుని 'రిపేర్' చేసి రీస్టార్ట్ చేయండి.

'ఈ ప్లేలిస్ట్‌లో ఏదీ రాయలేం' అని వస్తోంది. పాటల పక్కన టిక్ గుర్తులు పోయి ఉంటాయి, లేదా కంప్యూటర్ ఆథరైజ్ కాలేదు.

సగంలో 'మీడియం రైట్ ఎర్రర్', లేదా 4450 అనే నంబర్. వేగం సగానికి తగ్గించండి. తర్వాత డిస్క్ మార్చండి. అప్పటికీ వస్తే డ్రైవ్ లెన్స్ మీద దుమ్ము పట్టి ఉంటుంది. ఏళ్లుగా అటక మీద ఉన్న ఖాళీ డిస్కులు మన వానాకాలపు తేమకు పాడై ఉండే అవకాశమూ ఉంది.

ఆర్‌డబ్ల్యూ డిస్క్ ఖాళీగా లేదంటోంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి 'ఎరేజ్ దిస్ డిస్క్' చేయండి. ముందు విడత పాటలు కంప్యూటర్‌లోకి వచ్చి, విని చూశాకే చెరపండి.

## 7. సీడీ నుంచి ఫైళ్లుగా తీయడం

పాట ఒకసారి 128 ఏఏసీగా కుదించి ఉంది. సీడీ నుంచి మళ్లీ ఎంపీ3గా తీస్తే ఇంకోసారి కుదించినట్టవుతుంది. సింబల్స్, చేతి గంటల శబ్దం కరుకుగా మారేది అందుకే. కాబట్టి మూల కాపీని కుదింపు నష్టం లేని రూపంలోనే తీయండి: ఐట్యూన్స్‌లో అయితే యాపిల్ లాస్‌లెస్, విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడితే ఫ్లాక్. సైజు పెరుగుతుంది. 5 ఎంబీ ఉన్న పాట 25 నుంచి 35 ఎంబీ అవుతుంది. ధ్వని మాత్రం పాతదానికన్నా మెరుగు కాదు, తరగదు కూడా.

ఐట్యూన్స్‌తో తీస్తే: ప్రిఫరెన్సెస్‌లో ఇంపోర్ట్ సెట్టింగ్స్ తెరిచి యాపిల్ లాస్‌లెస్ ఎంచుకోండి, 'యూజ్ ఎర్రర్ కరెక్షన్' పెట్టండి. సీడీ రాసిన యంత్రంలోనే తీస్తే పేర్లు చాలావరకు వాటంతటవే వస్తాయి. రాసింది ఒక చోట, తీసేది మరో చోట అయితే 'ట్రాక్ 01' అని మిగులుతాయి. పైగా లైబ్రరీలో పాత ఫైల్ ఉందని, దాన్ని మార్చేయాలా అని అడిగితే 'డోంట్ రీప్లేస్' అనండి.

ఎగ్జాక్ట్ ఆడియో కాపీతో తీస్తే సెక్యూర్ మోడ్‌లో 'టెస్ట్ అండ్ కాపీ' వాడండి. ప్రతి పాటనూ రెండుసార్లు చదివి రెండు లెక్కలూ సరిపోయాయో లేదో చూపిస్తుంది. సరిపోతే కాపీ నిక్కచ్చిగా వచ్చింది. 'యాక్యురేట్‌రిప్‌లో లేదు' అన్న మాటకు కంగారు పడొద్దు. ఇంట్లో రాసిన డిస్క్ ఆ జాబితాలో ఉండదు.

ప్రతి విడత తర్వాత:

- పాటల సంఖ్య సరిపోయిందా?
- ఒక్కో పాట నిడివి పాతదానితో సమానంగా ఉందా?
- మొదలు, మధ్య, చివర పదేసి సెకన్లు విన్నారా? టిక్ టిక్ శబ్దం ఉందా?
- ఫైల్ వేరే కంప్యూటర్‌లో మోగిందా?

## 8. డబ్ల్యూఎంఏ ఫైళ్లు

ఇవి ఎం4పి కన్నా మొండివి. అమ్మిన దుకాణాలు మూతపడ్డాయి. యాహూ మ్యూజిక్ దుకాణం 2008లో పోయింది. మైక్రోసాఫ్ట్ పాత దుకాణానికి లైసెన్సులిచ్చే ఏర్పాటు 2011తో ముగిసింది. కొత్త లైసెన్సు ఇచ్చేవాళ్లు లేరు. పాటను కొన్న కంప్యూటర్‌లో, ఆ విండోస్ ఇంకా చెక్కుచెదరకుండా ఉంటేనే అవకాశం.

1. ఆ యంత్రంలో విండోస్ అప్‌గ్రేడ్ చేయొద్దు. విండోస్ 10కి 2016లో వచ్చిన యానివర్సరీ అప్‌డేట్ తర్వాత ఈ రకం తాళం ఫైళ్లు మోగడం ఆగిపోయింది.
2. మదర్‌బోర్డు, హార్డ్‌డిస్క్ మార్చొద్దు. లైసెన్సు యంత్రానికే కట్టుబడి ఉంటుంది.
3. విండోస్ మీడియా ప్లేయర్‌లో పాట మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'మీడియా యూసేజ్ రైట్స్' చూడండి. 'బర్న్' అనుమతి ఉందో లేదో, ఉంటే ఎన్నిసార్లకో అక్కడ ఉంటుంది.
4. అనుమతి ఉంటే బర్న్ ట్యాబ్‌లో ఆడియో సీడీగా రాయండి. కొన్ని పాటలకు లెక్క తక్కువగా ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆర్‌డబ్ల్యూ వద్దు, మంచి సీడీ-ఆర్ వాడి ఆ డిస్క్‌ను దాచుకోండి.

లైసెన్సు లేదని వచ్చి, తేదీ కూడా సరిగ్గానే ఉంటే, ఆ ఫైల్ మీద ఇక సమయం పెట్టకండి. ఆ పాటను తాళం లేకుండా అమ్మే చోట మళ్లీ కొనడమే మిగిలింది. డబ్బు రెండోసారి పెట్టాల్సి రావడం అన్యాయమే. కానీ రోజులు పోసి చేసే ప్రయత్నాలకన్నా అది చవక.

## 9. పేర్లు సరిచేయడం, కారులో వినడం

ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. సినిమా పాటలకు ఒక పద్ధతి పెట్టుకోండి: ఆల్బమ్ దగ్గర సినిమా పేరు, ఆర్టిస్ట్ దగ్గర గాయకులు, కంపోజర్ దగ్గర సంగీత దర్శకుడు, ఇయర్ దగ్గర సినిమా వచ్చిన సంవత్సరం. ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గరా సంగీత దర్శకుడి పేరే వేయండి. లేదంటే ఒక్క సినిమా పాటలు గాయకుల పేర్లవారీగా ముక్కలై కనిపిస్తాయి. ఒక పేరును రెండు మూడు రకాలుగా రాసినా అంతే, కాబట్టి ఒక్క స్పెల్లింగ్‌కే కట్టుబడండి.

తెలుగు లిపిలో రాస్తే ఫోన్‌లో చక్కగా కనిపిస్తుంది. చాలా కారు స్టీరియోలలో మాత్రం డబ్బాలు, ప్రశ్నార్థకాలు వస్తాయి. కారు కోసం విడిగా ఒక కాపీ చేసుకోవడం మంచిది:

- ఫ్లాక్ ఫైళ్లను ఫూబార్2000 అనే సాఫ్ట్‌వేర్‌తో 320 బిట్‌రేట్ ఎంపీ3గా మార్చండి. మ్యాచ్ ద్వారా వచ్చిన ఎం4ఎ ఫైళ్లను ముందు అలాగే వేసి చూడండి, చాలా స్టీరియోలు వాటిని మోగిస్తాయి.
- ట్యాగ్ (పాట ఫైల్‌లో దాచే పేర్ల వివరాలు) వెర్షన్ ఐడీ3వీ2.3.
- పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్‌లను చాలా స్టీరియోలు చదవవు. 32 జీబీ లోపుదైతే విండోస్‌తోనే ఫార్మాట్ అవుతుంది.
- పేర్లు, ఫోల్డర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, చిన్నగా.

## 10. పాత యంత్రాన్ని వదిలే ముందు

తాళం ఉన్న అసలు ఫైళ్లను చెరపకండి. అవీ, కొన్నప్పటి రసీదుల మెయిళ్లూ మీరు ఆ పాటను కొన్నారనడానికి ఆధారం. రసీదులను పీడీఎఫ్‌గా చేసి వాటి పక్కనే దాచండి.

కొత్త ఫైళ్లు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండాలి. ఒకటి ఇంట్లో, ఇంకోటి వేరే చోట. తాళం తీసిన పాటలు మీ ఇంటివరకే. వాట్సాప్ గ్రూపులో పెడితే అది ఇంకో రకం పని అవుతుంది, చట్టం ముందు సమర్థించుకోలేరు.

ఆ తర్వాత ఈ వరసలో చేయండి:

- [ ] రెండు బ్యాకప్‌లలోనూ ఒక్కో పాట మోగించి చూశారు
- [ ] 'అప్‌లోడెడ్' అని వచ్చిన పాటలు కూడా సీడీ దారిలో బయటికి వచ్చాయి
- [ ] మ్యాచ్ చందా రెన్యూవల్ ఆపారు
- [ ] పాత యంత్రంలో అకౌంట్, ఆథరైజేషన్స్, డీఆథరైజ్ దిస్ కంప్యూటర్ నొక్కారు, ఒక్కో ఖాతాకూ విడివిడిగా
- [ ] ఐట్యూన్స్ నుంచి సైనవుట్ అయ్యారు
- [ ] ఖాతా దేశం మార్చాలనుకుంటే ఇప్పుడు మార్చారు, అందులో మిగిలిన బ్యాలెన్స్ ఖర్చయ్యాక
- [ ] చివరగా హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేశారు